చామనఛాయకు ఏ బ్రౌన్ హెయిర్ కలర్ నప్పుతుంది? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

సన్నజాజి (తిరుపతి)
అందరికీ నమస్కారం. కొండ మీద తలనీలాలు సమర్పించి రెండేళ్లు దాటింది. జుట్టు ఇప్పుడు భుజాలను తాకుతోంది. ఇంతవరకు ఏ రంగూ తగలని జుట్టు. కణతల దగ్గర మాత్రం తెల్ల వెంట్రుకలు కనిపించడం మొదలైంది. బ్రౌన్ వేయించుకోవాలని ఎంతో కాలంగా కోరిక. నాది చామనఛాయ, కాస్త పసుపు కలిసినట్టు ఉంటుంది. మొన్న ఒక పార్లర్‌లో అడిగితే, నా ముఖం వైపు ఒక్కసారి చూసి, ‘మీ రంగుకు బ్రౌన్ బాగుండదు మేడమ్. బర్గండీ వేసుకోండి, లేదంటే నలుపే ఉంచుకోండి’ అన్నారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. బ్రౌన్ అంటే తెల్లటి వాళ్లకేనా? కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం కాబట్టి మరీ కొట్టొచ్చినట్టు ఉండకూడదు. ఎండలో నిలబడితే బ్రౌన్ అని తెలియాలి, అంతే చాలు.

దువ్వెన (చిత్తూరు)
సన్నజాజి గారూ, చిత్తూరులో పార్లర్ నడుపుతున్నాను. మీకు చెప్పిన మాట చదివి బాధేసింది. బ్రౌన్ నప్పని చర్మం అంటూ లేదు. నప్పని బ్రౌన్లు ఉన్నాయి, అంతే. వాటిని ఎలా ఏరుకోవాలో చెబుతాను.

తెలుపా, నలుపా అన్నది కాదు ఇక్కడ ముఖ్యం. చర్మం లోపలి నుంచి తేలే ఛాయ ఏమిటన్నది ముఖ్యం. పార్లర్ భాషలో దాన్నే అండర్‌టోన్ అంటాం. పసుపు, బంగారు, పీచ్ పండు ఛాయ తేలితే వెచ్చని చర్మం. గులాబీ, నీలి ఛాయ తేలితే చల్లని చర్మం. రెండూ సమానంగా ఉంటే మధ్యస్థం. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే చామనఛాయలో ఉన్నా ఒకరిది వెచ్చన, ఇంకొకరిది చల్లన కావచ్చు. ఒకే డబ్బా ఇద్దరికీ వేస్తే ఒకరి ముఖం కళకళలాడుతుంది, ఇంకొకరు జ్వరం నుంచి లేచినట్టు కనిపిస్తారు.

రెండో సంగతి డబ్బా మీది అంకె. బొమ్మను చూసి కొనకండి, అంకె చూసి కొనండి. 1 అంటే నలుపు, 10 అంటే అతి లేత రంగు. మన జుట్టు చాలావరకు 1 నుంచి 3 మధ్య ఉంటుంది. 3 ముదురు బ్రౌన్, 4 బ్రౌన్, 5 లేత బ్రౌన్. చుక్క తర్వాత ఉండే అంకె ఛాయను చెబుతుంది. చాలా కంపెనీల్లో .1 అంటే యాష్ (బూడిద ఛాయ), .3 గోల్డెన్, .4 కాపర్ (రాగి ఛాయ), .5 మహాగనీ (ఎరుపు కలిసిన ముదురు ఛాయ), .6 ఎరుపు. రెండంకెలు ఉంటే మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. 4.3 అంటే బంగారు ఛాయ ఉన్న బ్రౌన్. 4.15 అంటే యాష్ ప్రధానంగా, కాస్త మహాగనీ కలిసిన బ్రౌన్. అంకెల అర్థం కంపెనీని బట్టి కొంత మారుతుంది కాబట్టి డబ్బా వెనుక చూసుకోండి.

మీరు చెప్పినదాన్ని బట్టి 4 లేదా 4.3 మీకు దగ్గరగా ఉంటుంది. ఖాయంగా చెప్పాలంటే ఛాయ తేల్చుకోవాలి.

రేణిగుంట_రైలు
మణికట్టు దగ్గర నరాలు చూడమంటారు కదా అక్కా. ఆకుపచ్చగా ఉంటే వెచ్చన, నీలంగా ఉంటే చల్లన అని. నాకు ఎంత చూసినా రెండూ కనిపించవు. చేయి నలుపు.

దువ్వెన (చిత్తూరు)
ఆ పరీక్ష ముదురు రంగు చేతుల మీద పనిచేయడం కష్టం. దాన్ని వదిలేయండి. మన ఇళ్లలో అంతకంటే మంచి పరికరాలున్నాయి. మల్లెపువ్వు లాంటి తెల్లచీర ఒకటి, గంజి వాసన పోని హాఫ్‌వైట్ కాటన్ చీర ఒకటి తీయండి. ముఖం కడుక్కుని, పసుపు, పౌడరు ఏమీ లేకుండా, పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలకు మిద్దె మీద నీడలో కూర్చోండి. ట్యూబులైటు కింద మాత్రం వద్దు. ఒక్కో చీర మెడ కింద ఆనించి అద్దంలో చూసుకోండి. తెల్లచీరలో కళ్ల కింద నలుపు ఎక్కువై, హాఫ్‌వైట్‌లో ముఖం తేటపడితే మీది వెచ్చన ఛాయ. తెల్లచీరలోనే ముఖం వెలిగితే చల్లన. తర్వాత బంగారు గొలుసు, వెండి పట్టీ పక్కపక్కన పెట్టి చూడండి. బంగారం నప్పితే వెచ్చన, వెండి నప్పితే చల్లన, రెండూ ఒకేలా నప్పితే మధ్యస్థం. మన చేతులకు ఎప్పుడూ బంగారమే అలవాటు కాబట్టి బంగారం ‘బాగుంది’ అనిపించడం సహజం. అందుకే చీరల పరీక్షనే ముందు నమ్మండి.

కలంకారి_కుంచె (శ్రీకాళహస్తి)
రంగుల పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. కలంకారిలో గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. ఆ గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి తాకగానే నల్లబడుతుంది. కరక్కాయ తగలని గుడ్డ మీద అదే కసిమి ఆ నలుపు ఇవ్వదు. జుట్టూ అంతే. డబ్బాలో ఉన్న రంగు కాదు మనకు వచ్చేది, కింద ఉన్న రంగుతో కలిసిన తర్వాత తేలేది.

దువ్వెన గారి మాటకు ఒక చోట మాత్రం నేను ఒప్పుకోను. పసుపు తేలే చర్మానికి గోల్డెన్ అని వెంటనే చెప్పకూడదు. సన్నజాజి గారి ముఖంలో పసుపు ఇప్పటికే ఉంది. పక్కన ఇంకో పసుపు పెడితే ముఖం మరింత పాలిపోతుంది. వాళ్లకు చుక్క లేని 4, లేదా ఎరుపు ఛాయ కొద్దిగా ఉన్న చాక్లెట్ మేలని నా అభిప్రాయం.

దువ్వెన (చిత్తూరు)
మీరన్నదాంట్లో నిజం ఉంది. బంగారు ఛాయ ఆరోగ్యంగా తేలే చర్మానికి గోల్డెన్, తేనె రంగు, చెస్ట్‌నట్ అద్భుతంగా ఉంటాయి. పసుపుతో పాటు కొద్దిగా ఆకుపచ్చ కూడా కలిసిన చామనఛాయ మన వైపు ఎక్కువ. దానికి గోల్డెన్ ఎక్కువైతే ముఖం వాడిపోతుంది, యాష్ వేస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. అటువంటి వాళ్లకు చాక్లెట్, కాఫీ గింజ రంగు, మహాగనీ తగిలిన బ్రౌన్ ఇస్తాను. సన్నజాజి గారు చీరల పరీక్ష చేసి చెబితే తేలిపోతుంది.

పాత_బస్టాండు
నా మాట కఠినంగా ఉంటే క్షమించండి. నల్లగా ఉన్నవాళ్లు రంగు జోలికి పోకపోవడమే మంచిది. టౌన్‌క్లబ్ సర్కిల్ దగ్గర నిలబడి చూడండి, ఎంతమంది తలలు నారింజపండు రంగులో ఉంటాయో. ముఖానికి, తలకి పొంతన ఉండదు.

దువ్వెన (చిత్తూరు)
మీరు చూసింది నిజమే, కారణం చర్మం కాదు. నల్లజుట్టులో ఎరుపు, నారింజ ఛాయలు దాగి ఉంటాయి. రంగు లేతబరిచే కొద్దీ అవి బయటపడతాయి. 4 దగ్గర ఎరుపు, 5 దగ్గర ఎరుపు కలిసిన నారింజ, 6 దగ్గర నారింజ తేలుతుంది. 6 కావాలని బ్లీచ్ చేసి, ఆ నారింజను అణిచే టోనర్ వేయకుండా పంపేస్తే మీరు చెప్పిన తలే తయారవుతుంది. నీలి ఛాయ నారింజను అణుస్తుంది, ఆకుపచ్చ ఛాయ ఎరుపును అణుస్తుంది. యాష్ షేడ్లు ఉన్నది అందుకే. పని సగంలో ఆపేసి కస్టమరు రంగును తప్పుపట్టడం అన్యాయం.

బాగా నల్లగా ఉన్న అమ్మాయికి 3 లేదా 4లో చాక్లెట్, ఎస్ప్రెస్సో వేసి చూడండి. కళ్లు ఎంత పెద్దవిగా కనిపిస్తాయో! సొంత జుట్టు కంటే ఒకటి రెండు మెట్లు పైకి వెళ్తే ఎవరికైనా అందంగా ఉంటుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఎంత తెల్లగా ఉన్నవాళ్లకైనా వేరే తల అతికించినట్టే ఉంటుంది.

రేణిగుంట_రైలు
ఈ మాట చెప్పినందుకు ధన్యవాదాలు అక్కా. చిన్నప్పటి నుంచి ‘నీకు ఆ రంగు వద్దు, ఈ రంగు వద్దు’ అని వినీవినీ విసిగిపోయాను. పసుపు చీర వద్దు, లేత గులాబీ వద్దు, ఇప్పుడు జుట్టుకు కూడానా!

గోరింట_పొద (గుడిపాల)
రసాయనాలు లేకుండా బ్రౌన్ వస్తుందని ఎవరూ చెప్పలేదేమిటి? గోరింటాకు, నీలి ఆకు పొడి కలిపితే వస్తుంది. నీలి మనకు కొత్తది కాదు, కడప వైపు పాతకాలం నుంచి పండించిన పంటే. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్లవెంట్రుకలు నారింజ రంగులోకి వస్తాయి. నీలి ఒక్కటే పెడితే తెల్లవెంట్రుకల మీద నీలంగానో ఆకుపచ్చగానో తేలుతుంది. రెండూ సమానంగా కలిపితే మధ్యరకం బ్రౌన్. నీలి రెండు పాళ్లు, గోరింటాకు ఒక పాలు అయితే ముదురు బ్రౌన్.

కలిపే తీరులోనే అంతా ఉంది. గోరింటాకు పొడిని నిమ్మరసం పిండిన నీళ్లతో కలిపి కొన్ని గంటలు నానబెట్టాలి. చెంచాతో తిప్పితే అంచున నారింజ చెమ్మ ఊరాలి, అప్పుడు పదును వచ్చినట్టు. నీలి పొడిని అలా నానబెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లతో కలిపి పావుగంట ఆగితే పైన నీలిరంగు మెరుపు తేలుతుంది. వెంటనే గోరింటాకులో కలిపి తలకు పెట్టేయాలి. ఆలస్యమైతే పట్టు పోతుంది. కడిగిన రోజు కొద్దిగా ఆకుపచ్చగా ఉంటే కంగారు పడకండి. ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి ముదురుతుంది. అంతవరకు షాంపూ వద్దు.

ఒకటి మాత్రం నిజం. ఇది నల్లవెంట్రుకను లేతబరచదు. దాని మీద ఎండలో ఎర్రటి మెరుపు మాత్రమే ఇస్తుంది. బ్రౌన్‌గా మారేది తెల్లవెంట్రుకలే.

మందుల_చీటీ (తిరుపతి)
ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. దయచేసి ఇది అందరూ చదవండి. గోరింటాకు అని అమ్మే పొడుల్లో కొన్నింటిలో పారాఫెనిలీన్ డయామిన్ కలుపుతారు. పీపీడీ అంటే ఇదే. ‘పది నిమిషాల్లో నల్లటి జుట్టు’ అని రాసి ఉంటే అది ఆకు పని కాదు. అసలు గోరింటాకులో నలుపు లేదు. డబ్బాల హెయిర్ కలర్లలోనూ చాలావాటిలో పీపీడీ గాని దాని బంధువు గాని ఉంటుంది. ‘అమోనియా లేదు’ అంటే పీపీడీ లేదని అర్థం కాదు. అమోనియా జుట్టును తెరిచేది, పీపీడీ రంగునిచ్చేది. రెండూ వేరు.

కొందరికి ఇది పడదు. ఏళ్ల తరబడి వాడినా ఏమీ కాని వాళ్లకు కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. జాతరల్లో, బజార్లలో చేతి మీద నల్లగా వేసే మెహందీతో ఎప్పుడైనా దురద, పొక్కులు వచ్చి ఉంటే హెయిర్ డై జోలికి అసలు వెళ్లకండి, ముందు చర్మవైద్యులను కలవండి. మిగతా వాళ్లు ప్రతిసారీ డబ్బాలో చెప్పినట్టు కొద్దిగా చెవి వెనుక గాని మోచేతి మడతలో గాని రాసి 48 గంటలు చూడండి. పెళ్లి ముందురోజు పార్లర్‌కు పరుగెత్తితే ఈ పరీక్షకు సమయం ఉండదు. రంగు వేశాక ముఖం, కనురెప్పలు ఉబ్బినా, ఊపిరి అందకపోయినా ఇంట్లో నూనె రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కనుబొమలకు, రెప్పలకు ఈ రంగులు ఎప్పుడూ వద్దు.

చంద్రగిరి_కోట
మగవాళ్లు అడగవచ్చా? నా మీసం సగం నెరిసింది. నలుపు వేస్తే అతికించినట్టు కనిపిస్తోంది. బ్రౌన్ వేయవచ్చా?

దువ్వెన (చిత్తూరు)
తప్పకుండా వేయవచ్చు తమ్ముడూ. మగవాళ్లు చేసే తప్పే పూర్తి నలుపు. ముఖం మీద వయసు రేఖలు ఉంటాయి, మీసం కాటుకలా ఉంటుంది, రెండూ పోట్లాడుకుంటాయి. చుక్క లేని 3 తీసుకుని, డబ్బా మీద రాసిన కనీస సమయానికే కడిగేయండి. గోల్డెన్, కాపర్ వద్దు, తెల్లమీసం మీద తుప్పు రంగు తేలుతుంది. పైపెదవి చర్మం సున్నితం కాబట్టి మందుల చీటీ గారు చెప్పిన పరీక్ష మీకు మరీ అవసరం. గడ్డం గీసుకున్న రోజు వేయకండి.

సన్నజాజి (తిరుపతి)
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చీరల పరీక్ష చేశాను. హాఫ్‌వైట్‌లో ముఖం తేటగా ఉంది, అయితే ఆవపువ్వు రంగు చీర పెడితే మాత్రం నీరసంగా కనిపిస్తున్నాను. అంటే కలంకారి గారి మాటే నిజమేమో. చుక్క లేని 4 అనుకుంటున్నాను. తెల్లవెంట్రుకల మీద అది ఎలా పడుతుంది? ఇంట్లో వేసుకోవచ్చా?

దువ్వెన (చిత్తూరు)
చక్కగా తేల్చారు. ఆవపువ్వు రంగు పడలేదంటే .3 వదిలేయండి. చుక్క లేని 4 మీకు సరిపోతుంది. దాంట్లో మరో విశేషం ఉంది. చుక్క తర్వాత అంకె ఉన్న ఫ్యాషన్ ఛాయలు తెల్లవెంట్రుకను పూర్తిగా కప్పలేవు, అది లోపల రంగు లేని వెంట్రుక కాబట్టి గోల్డెన్ వేస్తే పసుపుగా, కాపర్ వేస్తే నారింజగా మెరుస్తుంది. చుక్క లేని షేడే దాన్ని కుదురుగా కప్పుతుంది. ఎవరికైనా తప్పనిసరిగా 4.5 లాంటిది కావాలంటే సగం 4 కలిపి వేస్తాం.

రంగులో కలిపే డెవలపర్ (పెరాక్సైడ్ ద్రవం) 6 శాతం చాలు, 20 వాల్యూమ్ అని రాసి ఉండేది అదే. అది ఒకటి రెండు మెట్లు లేపుతుంది, తెల్లవెంట్రుకలనూ పట్టిస్తుంది. 9, 12 శాతం ఇంట్లో ముట్టుకోవద్దు.

ముందు చెవి వెనుక అడుగుపొర నుంచి సన్నపాయ తీసి దానికి మాత్రమే వేయండి. కడిగి, ఆరబెట్టి, ఎండలోకి తీసుకెళ్లి చెంప పక్కన పెట్టి చూసుకోండి. తడిజుట్టు ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది, దాన్ని చూసి ఇంకో పది నిమిషాలు ఉంచుదాం అనుకోవద్దు. నచ్చితేనే తలంతా. మీది రంగు తగలని జుట్టు కాబట్టి ముందు మధ్యభాగం నుంచి చివర్ల వరకు వేయండి, కుదుళ్లు ఆఖరున. తలవేడికి కుదుళ్ల దగ్గర రంగు తొందరగా తేలుతుంది. మొదట అక్కడే పూస్తే పైన లేతగా, కింద ముదురుగా రెండు రంగుల తల అవుతుంది. కణతల దగ్గరి తెల్లవెంట్రుకలు మొండివి. అక్కడ మాత్రం కాస్త ఎక్కువగా పట్టించండి. నుదుటి అంచుకు వాజెలిన్ రాయండి.

తలనీలాలు ఇచ్చాక వచ్చిన జుట్టు మా చేతికి దొరకడం అదృష్టం. పాత డై, పాత మెహందీ ఏదీ ఉండదు, అంకె చెప్పిన రంగుకు దగ్గరగా వస్తుంది.

గోరింట_పొద (గుడిపాల)
మెహందీ పెట్టిన తల మీద హెయిర్ కలర్ వేస్తే?

దువ్వెన (చిత్తూరు)
శుద్ధమైన ఆకు అయితే వేయవచ్చు, రంగు కొంత ఎర్రగా తేలుతుంది. నీలి పెట్టిన జుట్టును తర్వాత బ్లీచ్ చేస్తే ఆకుపచ్చ తేలే ప్రమాదం ఉంది. లోహపు లవణాలు కలిపిన పొడి అయితే డెవలపర్‌తో కలిసి వేడెక్కి జుట్టు తెగిపోతుంది. దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలు నాలుగు, డెవలపర్ పోసిన గిన్నెలో వేసి పరీక్షించకుండా తల మీద పెట్టనివ్వకండి. మెహందీ పెట్టిన సంగతి పార్లర్‌లో దాచవద్దు.

రేణిగుంట_రైలు
మా వీధిలో బోరు నీళ్లు. బకెట్ అడుగున తెల్లటి పొర కడుతుంది. రంగు నిలుస్తుందా?

మందుల_చీటీ (తిరుపతి)
కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు వచ్చే ఇళ్ల కంటే మీకు కష్టమే. ఆ సున్నం, ఇనుము జుట్టుకు పట్టి బ్రౌన్‌ను మట్టిరంగుకు మారుస్తాయి. తలంతా మంచినీళ్లతో కడగడం కుదరకపోయినా చివరి రెండు చెంబులు ఫిల్టరు నీళ్లు పోసుకోండి. రంగు వేసిన తర్వాత రెండు మూడు రోజులు తలస్నానం ఆపండి. తర్వాత సల్ఫేట్ లేని షాంపూ, వేడి లేని నీళ్లు. మన ఎండ ఇంకో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో బండి మీద వెళ్తే హెల్మెట్ కింద పలచని కాటన్ గుడ్డ కట్టుకోండి. యాష్ ఛాయలు తొందరగా వెలిసిపోతాయి కాబట్టి వాటిని వేసవిలో మొదలుపెట్టకపోవడం మంచిది.

కట్టమంచి_పిల్ల (చిత్తూరు)
మా అమ్మ కోసం అడుగుతున్నాను. అరవై దాటింది, తలంతా నెరిసింది. ఏళ్లుగా నల్ల డై వేస్తోంది. పది రోజులకే పాపిట తెల్లగా గీత కనిపిస్తుందని బాధపడుతోంది. బ్రౌన్‌కు మారాలంటుంది. 4 తెచ్చి నలుపు మీద వేస్తే సరిపోతుందా?

దువ్వెన (చిత్తూరు)
సరిపోదు అమ్మా. రంగు మీద వేసిన రంగు లేతబడదు. నల్ల డై మీద 4 వేస్తే కింద నలుపు నలుపుగానే ఉంటుంది, పాపిట దగ్గర కొత్తగా వచ్చిన తెలుపు మాత్రమే బ్రౌన్ అవుతుంది. నలుపును బ్లీచ్‌తో తీయవచ్చు, ఆ వయసు జుట్టుకు నేను చేయను. మీ అమ్మగారికి నెమ్మదైన దారి చెబుతాను. ఇకపై నలుపు పూర్తిగా ఆపేసి, కొత్తగా వచ్చే కుదుళ్లకు మాత్రం చుక్క లేని 4 వేయండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలకోసారి చివర్లు కత్తిరిస్తూ రండి. జుట్టు పొడవును బట్టి ఎంతకాలం పట్టినా, నలుపు నెమ్మదిగా దిగిపోతుంది. ఆ మధ్యలో రెండు రంగుల తేడా కనిపించకుండా పాపిటను నిటారుగా కాకుండా కాస్త వంకరగా తీసి, ముడి వేయండి. బ్రౌన్ పాపిట దగ్గర తెలుపుతో అంతగా పోట్లాడదు కాబట్టి గీత కూడా మెత్తగా కనిపిస్తుంది. పరీక్ష మాత్రం కొత్త డబ్బా తెచ్చిన ప్రతిసారీ చేయించండి.

కట్టమంచి_పిల్ల (చిత్తూరు)
అమ్మకు చదివి వినిపించాను అక్కా. నల్ల డబ్బాలు ఇంకా రెండు ఉన్నాయి, పారేయనా అని అడుగుతోంది.

దువ్వెన (చిత్తూరు)
పారేయమనండి. ఎదురుగా ఉంటే పండుగ రోజు చేయి దాని మీదికే వెళ్తుంది. కుదుళ్లు ఒక వేలి వెడల్పు పెరిగాక పార్లర్‌కు తీసుకురండి, పాయ తీసి చూద్దాం.